ఆవిరి వస్తోందా?

తక్ ఇల్‌హ్వాన్‌కు ఆవిరంటే ప్రాణభయం. అంత భయమున్నవాడు ఇంట్లో బీరు కాచడమేమిటని అడగకండి. కొరియాలోని ఇంచన్‌లో ఆ వీధివాళ్లంతా అడిగి అలసిపోయారు.

సగం నేలలోకి దిగిన గది అతనిది. ఉన్నదొక్కటే కిటికీ, అదీ రోడ్డుకు మోకాలెత్తులో. ఇంటి యజమాని ఏడేళ్లుగా ఆ కిటికీకి కారు ముక్కు ఆనించి నిలుపుతున్నాడు. ఇంకొకరైతే వీధికెక్కేవారు. తక్ మాత్రం, "దానికి చలేస్తోందేమో, పాపం" అని, చక్రం పక్క సందులోంచే తన ఆవిరి గొట్టం బయటికి పంపుకునేవాడు.

బార్లీ నీళ్లు గంటసేపు మరిగితే బకెట్టెడు ఆవిరి గోడలెక్కుతుంది. అందుకని బిందె మీద బోర్లించిన బేసిను, దానికో ఫ్యాను, ఫ్యానుకు ముడతల గొట్టం. గొట్టం వాలు బయటికే ఉందా అని గోలీ దొర్లించి చూసేవాడు. గోలీ వెనక్కి వచ్చిందా, చల్లారిన ఆవిరి మళ్లీ బిందెలో కారి బీరు క్యాబేజీ కంపు కొడుతుందని రెండు రోజులు అన్నం సహించేది కాదు.

అంతటితో ఊరుకుంటే తక్ ఎలా అవుతాడు? తన ఆవిరి వాళ్ల ఇళ్లలోకి పాకిందేమోనన్నట్టు ప్రతి శనివారం పొద్దున్నే ఏడు గడపలు తట్టేవాడు. ఇంటినిండా పిల్లలున్న రెండో అంతస్తును మాత్రం ఎందుకో వదిలేసేవాడు.

"ఆవిరి వస్తోందా?"

"నీ బీరుతో కాదు, నీ ప్రశ్నతో చస్తాం బాబాయ్!" అనేది పైన జుట్టు కత్తిరించే దుకాణం నడిపే సోన్యే.

పక్కగదిలో ఎనభై ఒక్కేళ్ల ప్యో మామ్మ తలుపైనా తీసేది కాదు. "రాలేదురా! వస్తే మోకాళ్లకు పట్టించుకుంటా, పో!"

ఈ జనవరిలో ఒక శనివారం మామ్మ పలకలేదు. తక్ మళ్లీ తట్టాడు. ఇంకోసారి తట్టాడు. పాలిపోయిన మొహంతో పైకి పరిగెత్తాడు.

"సోన్యే! మామ్మ తిట్టలేదు!"

సోన్యే కత్తెరతోనే కిందికి దూకింది. సగం జుట్టు తెగిన బేరం కూడా వెనకాలే. మామ్మ తలుపు తాళం అంకెలు తక్‌కు తెలుసు. కానీ కంగారులో మూడుసార్లు తప్పు నొక్కాడు. నాలుగోసారి తెరుచుకుంది. గదిలో ఎవరూ లేరు.

"మామ్మా... ఆవిరి..."

స్నానాలగదిలోంచి సన్నగా వినిపించింది. "రాలేదురా! ముందు నన్ను లేపి ఏడు!"

జారిపడి తెల్లవార్లూ అక్కడే ఉందట. తుంటి బెణికింది, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. అంబులెన్సువాళ్లను తిడుతూనే వెళ్లింది.

అప్పుడు సోన్యేకు గుర్తొచ్చింది. "అయ్యో, నీ బిందె పొయ్యి మీదే ఉంది బాబాయ్!"

పరిగెత్తి చూస్తే పొయ్యి చల్లగా ఉంది. బిందెలో దుమ్ము. గొట్టం చుట్టచుట్టి మంచం కింద ఉంది. యజమాని కొత్తగా కొన్న పెద్ద కారు చక్రం కిటికీని పూర్తిగా మూసేసింది.

"ఎన్నాళ్లయింది కాచి?"

"మూడు వారాలు."

"మరి ఇల్లిల్లూ తిరిగి ఆ ప్రశ్నేమిటి?"

తక్ దొరికిపోయిన దొంగలా చెవి గోక్కున్నాడు. "బతికే ఉన్నారా అని అడిగితే ఎవరికైనా మనసు కష్టపడదూ? ఆవిరంటే తిడతారు. తిట్టే ఓపికుంటే బాగున్నట్టే కదమ్మా."

"మరి నన్నెందుకు అడగడం? నేనేమన్నా ముసలిదాన్నా?"

"నువ్వూ ఒక్కదానివే కదా."

సోన్యే చేతిలోని కత్తెరతోనే వెళ్లి యజమాని తలుపు బాదింది. ఆ సాయంత్రానికి కారు అవతలి గోడకు జరిగింది. మరుసటి శనివారం గోలీ బయటికే దొర్లింది.

మీ బండి ఎవరి కిటికీకైనా అడ్డంగా ఉంటే ఇవాళే తీయండి. ఈ శనివారం ఒంటరిగా ఉండే ఒక్కరి తలుపైనా తట్టండి. ఏ సాకైనా ఫరవాలేదు. తిట్టు వినబడేదాకా మాత్రం కదలకండి.