ఎస్తేరు చేతులు

రెండువేల ఇరవై మూడు చలికాలం. ఉక్కు మిల్లుల ఊరు భిలాయిలో నేను మెంటర్‌గా పనిచేసే చోట, సమాజానికి పనికొచ్చే వ్యాపారాలు మొదలుపెట్టిన కుర్రకారుకి పిచ్ పోటీ పెట్టారు. పిచ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు, ఐదు నిమిషాల్లో మన ఆలోచన చెప్పి ఎదురుగా కూర్చున్న జ్యూరీని ఒప్పించడం. ఐదు దాటితే గంట కొట్టేస్తారు. అంతకుముందు హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో పద్నాలుగేళ్ళు కొటేషన్లు రాసినదాన్ని, తక్కువ మాటల్లో పని జరిపించుకోవడం నాకు బాగానే వచ్చు. పిల్లలు నన్ను చూస్తే హడలిపోయేవారు. ఆ పేరు నాకిష్టమే.

నాదొక పద్ధతి ఉండేది. ఈ ఊళ్ళో ఎవరొచ్చినా మొదటి స్లైడ్ మీద వాళ్ళ నాన్న ఫొటో ఉంటుంది, నెత్తిన హెల్మెట్‌తో. ఆయన పడ్డ కష్టంతో మొదలెడతారు. నేను ముందు ఆ స్లైడ్ తీసేసి, తర్వాతే కూర్చోమనేదాన్ని. జ్యూరీవాళ్ళు పొద్దుట్నుంచీ పదిమంది నాన్నల్ని చూసుంటారు, పదకొండో నాన్నకి మార్కులెవరిస్తారు?

ఎస్తేరు ఈ ఊళ్ళోనే ఖుర్సీపార్ బస్తీ పిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయి. వాళ్ళ తాత విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తనకి తెలుగు కంటే హిందీ సులువు, అయినా నాతో పట్టుబట్టి తెలుగే మాట్లాడేది. వాళ్ళ నాన్న దేవదానంగారు ఒక రోలింగ్ మిల్లులో ఖలాసీగా చేసి దిగిపోయారు. ఖలాసీ అంటే కింద నిలబడి, పైన క్రేన్ నడిపేవాడికి చేతులతో దారి చూపించే మనిషి. వేలు పైకి చూపించి తిప్పితే ఎత్తమని, కిందికి చూపించి తిప్పితే దించమని, అరచెయ్యి బోర్లించి అడ్డంగా ఊపితే ఆపమని. ఆ హోరులో నోటిమాట ఎవరికీ వినబడదు. ఆ హోరులోనే ఆయన చెవులు పోయాయి. చెవి మిషను కొనిస్తే, చప్పుళ్ళన్నీ ఒక్కసారే మీద పడుతున్నాయని తీసి డబ్బాలో పెట్టేశారు.

ఇలాంటి పెద్దవాళ్ళకి చేతుల్లో సగం భాష ముందే ఉంది కదా, మిగతా సగం కలిపి ఇంట్లోవాళ్ళకి నేర్పిద్దాం అన్నది ఎస్తేరు ఆలోచన. లే, కూర్చో దగ్గర మొదలుపెట్టి, మందు వేసుకున్నావా, నొప్పి ఎక్కడ, నా మీద కోపమా అనేదాకా సైగలు కట్టింది, బొమ్మల కార్డులు గీసింది. ఖుర్సీపార్, క్యాంప్ 1 బస్తీల్లో పదకొండు ఇళ్ళకి తిరిగి నేర్పుతోంది. గెలిస్తే ఏడాదిపాటు ఆ పని సాగడానికి సాయం దొరుకుతుంది.

తను చెబుతూంటే నాకు మనసులో కలుక్కుమంది. మా నాన్నా మిల్లు మనిషే, ఆయన చెవులూ అలాగే పోయాయి. చివరి ఆరేళ్ళూ మా ఇంట్లో ఆయనతో మాటంటే తిన్నావా, పడుకో, అంతే. అదీ అరిచి. అరిచి అరిచి విసుగొచ్చి అది కూడా తగ్గించేశాం. ఆయన గోడవైపు చూస్తూ కూర్చునేవారు, మేము టీవీ చూసుకునేవాళ్ళం. ఈ సంగతి ఎస్తేరుకి చెప్పలేదు. మెంటర్‌ని కదా, స్లైడ్లు చూపించమన్నాను.

మొదటిదే దేవదానంగారి ఫొటో. తీసేశాను. అప్పుడు చెప్పింది, అసలు సంగతి.

"దీదీ, మా నాన్న రెండు నెలల్నుంచి నన్ను చూస్తే మొహం తిప్పేసుకుంటన్నారు. ఇంటింటికీ తిరిగి చందాలడుగుతన్నాననుకుని ఆయన కోపం. మొహం తిప్పేసుకున్న మనిషికి సైగలతో ఏటి చెప్పగలను? పాస్టరుగారు ఒప్పిస్తే పోటీకి వస్తానన్నారు. అక్కడైతే స్టేజీవైపే చూడాలి కదా. మాటతోపాటు చేతుల్తో కూడా చెప్తాను."

"ఇది మీ ఇంటి పంచాయితీ కాదే తల్లీ. ఒక చేతిలో మైకు, ఒక చేతిలో స్లైడ్లు మార్చే క్లిక్కరు. ఊపడానికి మూడో చెయ్యి ఎక్కడుంది నీకు?"

చేతులూపితే కంగారు పడుతున్నావనుకుంటారని కూడా అన్నాను. ఎస్తేరు తన అరచేతులవైపు చూసుకుని, సరే దీదీ అంది. రెండు వారాలు రోజూ నిలబెట్టి చెప్పించాను. వేలు కదిపితే మళ్ళీ మొదట్నుంచి.

పోటీ రోజు దేవదానంగారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, పాస్టరుగారి పక్కన నాలుగో వరసలో కూర్చున్నారు. ఎస్తేరు అదరగొట్టింది. చెవి మిషనుండగా నీ అవసరమేంటని జ్యూరీ అడిగితే తడుముకోకుండా జవాబిచ్చింది. ఒక్క వేలు కదల్లేదు. నేను పొంగిపోతున్నాను. మధ్యలో ఒక స్లైడ్ మీద క్యాంప్ 1 తాత ఒకాయన అరచెయ్యి బోర్లించి మనవరాలికి సైగ చేస్తున్న ఫొటో వచ్చింది. దేవదానంగారు ముందుకు వంగారు. ఫొటో చూశారు, కూతురి నోరు చూశారు, మళ్ళీ ఫొటో చూశారు. ఏమీ అందలేదు. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతూంటే చూసి, ఆయన కూడా కొట్టారు, ఒక క్షణం ఆలస్యంగా. అప్పుడు నాకు సిగ్గేసింది.

మొదటి బహుమతి ఎస్తేరుదే. ఫొటో కోసం పేరు రాసిన పెద్ద అట్ట ఇచ్చారు, తనకంటే వెడల్పు. రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఫొటోగ్రాఫర్ ఇటు చూడు, అటు చూడు అంటున్నాడు. దేవదానంగారు లేచి స్టేజీ కిందికి నడిచొచ్చారు. కూతురి కళ్ళలోకి చూసి చెయ్యెత్తి అడిగారు. రెండున్నర నెలల తర్వాత ఆయనంతట ఆయన ఎత్తిన చెయ్యి. ఆ సైగ నాకు రాదు, కానీ ఏటి చెప్పావమ్మా అని అడుగుతున్నారని ఎవరికైనా తెలుస్తుంది. జవాబు చెప్పడానికి ఎస్తేరుకి చేతులు ఖాళీ లేవు. అట్ట మీంచి నావైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

గబగబా స్టేజీ ఎక్కి అట్ట లాగేసుకున్నాను. ఫొటోగ్రాఫర్ అరిచాడు. వాడికి పెట్టాల్సిన చీవాట్లు పెట్టాను. ఎస్తేరు స్టేజీ అంచున కూర్చుని, కాళ్ళు వేలాడేసి, మొదలుపెట్టింది. ఐదు నిమిషాల పిచ్ అరగంట పట్టింది. కుర్రాళ్ళు కుర్చీలు మడతపెడుతున్నారు. దేవదానంగారు ఒక్కసారి కూడా మొహం తిప్పలేదు. ఒకచోట కూతురి వేళ్ళు పట్టుకుని, అలాగ కాదు ఇలాగ అని సరిచేశారు. తర్వాత చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నారు.

నేను అట్ట పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాను. వాళ్ళ మాటల్లో ఒక్కటీ నాకు తెలియలేదు. నాన్నని ఇలా ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్క అరగంట మాట్లాడాలని ఎంత అనిపించిందో చెప్పలేను. ఏం మాట్లాడతానో కూడా తెలీదు. ఊరికే, పొద్దున్న ఏం కూర వండానో చెబుదును.

నాన్నల స్లైడ్లు తీసెయ్యడం మానేశానని అబద్ధమాడను. చాలామటుకు తీసేస్తూనే ఉన్నాను, జ్యూరీలేం మారలేదు. అయితే ముందు ఒకటి అడుగుతాను, ఆ హాల్లో నీ మాట ఎవరికి అందాలి అని. ఆ సంగతి తేలాకే మిగతా పాఠం.

ఆ పోటీ రోజు సాయంత్రం బయల్దేరబోతూ దేవదానంగారు నావైపు తిరిగి సైగలతో ఏదో అడిగారు.

"మీ ఇంట్లో ఇలాగ చెవులు పోయినోళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతన్నారు దీదీ. ఉంటే ఆయనే వచ్చి నేర్పుతారట," అంది ఎస్తేరు.

ఉండేవారు అని చెప్పాలి. లేరని తల అడ్డంగా ఊపాను. మా ఇంట్లో ఎవరికీ ఆ బాధ లేదనుకుని, ఆయన సంతోషంగా నవ్వి నాకు దణ్ణం పెట్టారు.