వాసాల లెక్క

మావారు తెలుగు పండితులు. ఏలూరులో రోజంతా పిల్లలకి పాఠాలు చెప్పి ఇంటికొచ్చాక కూడా ఆ నోరు ఊరుకునేది కాదు. పప్పులో ఉప్పు తక్కువైతే ఒక సామెత, వాన వస్తే ఒక సామెత, రాకపోతే మరొకటి. వినేవాళ్ళకి సరదాగా ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో నాకూ సరదాగానే ఉండేది. ఒక సామెత వల్ల నా పుట్టిల్లు పోతుందని అప్పుడెవరైనా చెబితే నవ్వి ఉండేదాన్ని.

పుట్టిల్లంటే నాకు ఇల్లూ వాకిలీ ఏమీ లేవు. అమ్మా నాన్నా పోయారు. తాడేపల్లిగూడెంలో మేము పెరిగిన ఇల్లు పరాయివాళ్ళ చేతికి వెళ్ళింది. మిగిలింది నా తమ్ముడొక్కడే. వాడు ఆ ఊళ్ళోనే ఒక కలప అడితిలో గుమాస్తాగా ఉండేవాడు. ఆ రోజుల్లో, అంటే పంతొమ్మిదివందల ముప్పైల మొదట్లో, వ్యాపారాలన్నీ చతికిలబడ్డాయి. అడితి మూసేశారు. వాడికింకా పెళ్ళి కాలేదు, వండిపెట్టే దిక్కు లేదు. "ఉద్యోగం దొరికేదాకా నా దగ్గర ఉందువుగాని, వచ్చెయ్యరా" అని నేనే కబురు పెట్టాను. మావారు కూడా మనస్ఫూర్తిగానే రమ్మన్నారు. ఆ మాట చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినదాన్నవుతాను. అలా నా పుట్టిల్లు వచ్చి నా అత్తింట్లోనే ఒక గదిలో కాపురం పెట్టింది.

బావా బావమరుదులు మాటల్లో ఒకరికొకరు తీసిపోయేవారు కాదు. మావారికి అప్పటికే నెత్తి పలచబడింది. "బావా, నీ తలమీద దువ్వెన దారి తప్పి తిరుగుతోంది, కాస్త చూసుకో" అనేవాడు వాడు. "నువ్వు తినే గోంగూరకి కొల్లేటి లంకలన్నీ సాగు చేసినా చాలదోయ్" అనేవారు ఈయన. వాడు పడీపడీ నవ్వి, "అక్కా, ఇంకాస్త వెయ్యి" అని కంచం ముందుకు జరిపేవాడు. వాళ్ళిద్దరి మధ్యా ఎంత మాటైనా చెల్లేది. బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు. ఆ సామెత కూడా ఈయనే చెబుతుండేవారు.

ఆ ఏడు కార్తీకంలో గాలివాన పట్టుకుంది. మాది గూన పెంకుటిల్లు. పడమటివైపు పెంకులు లేచిపోయి పెరట్లో కుప్పగా పడ్డాయి. కొబ్బరిచెట్టు ఒకటి విరిగి వంటింటి మీద కూలింది. బియ్యం, బట్టలు, మావారి పుస్తకాలు అన్నీ తడిసి ముద్దయ్యాయి. గాలి తగ్గాక ఊరంతా పెంకు నేసేవాళ్ళ కోసం పరుగులు పెట్టింది. వాళ్ళ కాళ్ళు పట్టుకున్నా వచ్చేవాళ్ళు కాదు, పెళ్ళికొడుకులకి కూడా అంత బెట్టు ఉండదు. నా తమ్ముడు మోకాలి లోతు నీళ్ళలో వట్లూరు దాకా నడిచి వెళ్ళి, బతిమాలి, నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

పెంకులన్నీ చేతులు మార్చి కిందికి దింపారు. ఒక్కొక్కదాన్నీ వేలితో కొట్టి, ఖంగుమన్నవి ఒక పక్క, మూగవి ఒక పక్క పేర్చారు. పెంకు దిగాక వాసాలు బయటపడ్డాయి. తాటి వాసాలు, మా మామగారి హయాంలో వేసినవి. వాటిలో ఏవి పుచ్చాయో, ఏవి ఉంచవచ్చో చూడాలి. కలప సంగతి తెలిసినవాడు గనక నా తమ్ముడే నిచ్చెన ఎక్కాడు. పంచె గోచీ పోసి, చిన్న కర్రతో వాసాన్ని తడుతూ, కింద ఉన్న వడ్రంగికి వినబడేలా కేకలు పెడుతున్నాడు. "ఇది గట్టిదే! ఇది పోయింది! ఇదీ పోయింది, లెక్కపెట్టుకో!"

సరిగ్గా అప్పుడే మావారు స్కూలు గోడ ఏమైందో చూసి తిరిగి వచ్చారు. వీధిలో చుట్టుపక్కలవాళ్ళు చేరి ఉన్నారు. అందరి ఇళ్ళూ అలాగే ఉన్నాయి, ఒకరి కప్పు ఒకరు చూసుకుని ఓదార్చుకుంటున్నారు. ఈయన పైకి చూశారు. ఆ మొహంలో వెలుగు చూడగానే నాకు తెలిసిపోయింది, నోటికి ఏదో వచ్చేసిందని. ఆపేంత వ్యవధి లేకపోయింది.

"ఆహాహా! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే వినడమే గానీ, కళ్ళారా చూడ్డం ఇదే మొదలోయ్ బావమరిదీ!"

వీధంతా గొల్లుమంది. మా తమ్ముడూ నవ్వాడు. "లెక్క తప్పితే నీ నెత్తినే పడుతుంది బావా, తప్పుకో" అన్నాడు. అక్కడితో అయిపోయి ఉంటే అదొక వేళాకోళం, సాయంత్రానికి మరిచిపోయేవాళ్ళం. కానీ ఎదురింటి పెద్దావిడ, పాపం వాడిని ఓదారుస్తున్నాననే అనుకుంది కాబోలు, గట్టిగా అంది. "పోన్లెండి, అన్నం పెడుతున్నాయన. ఓ మాట అన్నా పడాలి మరి."

ఎవరూ నవ్వలేదు. నిచ్చెన మీద వాడి చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో నాలుగు గోడల మధ్య బావ అన్న మాటకీ, పదిమందిలో అన్నం పెట్టేవాడు అన్న మాటకీ ఎంత దూరం ఉందో అప్పుడు కనబడింది. మాట ఒక్కటే, అన్న మనిషీ ఒక్కడే. ఆవిడ దానికి అసలు అర్థం తగిలించింది. ఆ సాయంత్రం నుంచి పనివాళ్ళు కూడా, తెలియక, "వాసాలు లెక్కపెట్టే బాబుగారేరీ?" అని అడగడం మొదలుపెట్టారు.

పని జరిగినన్నాళ్ళూ వాడు ఇంట్లో భోజనానికి కూర్చోలేదు. "వీళ్ళ దగ్గరే ఉండాలక్కా, కళ్ళు తప్పిస్తే ఇంకో ఇంటికి జారుకుంటారు" అని వాళ్ళతోపాటే అటుకులూ బెల్లమూ తినేవాడు. నేను నమ్మాను. పని మీద అంత శ్రద్ధ అనుకుని మురిసిపోయాను కూడా. కొత్త వాసాలు ఎక్కించి, పెంకు నేయించి, రెండు వాలులూ కలిసే నడికొప్పు మీద సున్నం పెట్టించేదాకా వాడు దిగలేదు. ఆ కప్పు మళ్ళీ ఎన్నడూ కారలేదు.

సున్నం ఆరకముందే గుడ్డసంచీ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. కైకలూరు అవతల లంకలో ఒక రైతుగారి వ్యవసాయం చూసిపెట్టే పని దొరికిందట. నాకు దణ్ణం పెట్టాడు. తరవాత మావారి వైపు తిరిగి, "వెళ్ళొస్తానండీ బావగారూ" అన్నాడు.

అన్నాళ్ళూ బావా, నువ్వూ. ఆ రోజు బావగారూ, అండీ. అప్పుడర్థమైంది నాకు.

"ఏవండీ, వెళ్ళి ఒక్క మాట చెప్పండి వాడికి" అని నెలల తరబడి పోరాను. "ఏమని చెప్పనే?" అనేవారు ఆయన. "వేళాకోళానికి క్షమాపణ చెబితే, అది వేళాకోళం కాదని ఒప్పుకున్నట్టే కదా? అప్పుడు వాడికి ఇంకా పెద్ద దెబ్బ తగులుతుంది." పండితుడి తర్కం. కోపంతో నా ఒళ్ళు మండిపోయేది. కానీ ఆ మాటలో అబద్ధం ఎక్కడుందో ఈనాటికీ నాకు దొరకలేదు.

మరుసటి ఏడు వానల్లో కొల్లేరు పొంగింది. ఈదురుగాలికి లంకలో వాడి గుడిసె కప్పు ఎగిరిపోయిందని పడవవాడొకడు చెప్పాడు. మావారు చెప్పులైనా వేసుకోకుండా బజారుకి వెళ్ళి తాటాకు మోపులూ, వెదుళ్ళూ, తాళ్ళూ కొని పడవకెత్తించారు. నేనూ ఎక్కాను. లంక చేరగానే ఈయన చొక్కా విప్పి పనిలోకి దిగారు. సుద్దముక్క తప్ప ఎరగని చేతులు. ఆకు ఈనెలు గీరుకుని రక్తం కారుతున్నా మోపులు అందిస్తూనే ఉన్నారు. తమ్ముడు వద్దనలేదు. "మీకెందుకండీ ఈ శ్రమ" అని మాత్రం రెండుమూడు సార్లు అన్నాడు.

కప్పు పూర్తయ్యాక వాడే వండాడు. అన్నం, పచ్చిపులుసు. మావారు కడుపునిండా తిన్నారు, అడిగి వేయించుకున్నారు. తిన్నాక చాప మీద వెల్లకిలా పడుకుని పైకి వేలు చూపిస్తూ మొదలుపెట్టారు. "ఒకటి... రెండు... మూడు..."

ఆ సామెతని ఇప్పుడు తన మీదికి విసరమని అడుగుతున్నారాయన. ఆయనకి తెలిసిన క్షమాపణ అంతే. విసిరెయ్యరా, ఆ ఒక్కమాటా అనేసెయ్యరా అని నేను లోపల మొక్కుకున్నాను. ఆయన ఇంకా నెమ్మదిగా లెక్కపెడుతున్నారు. వాడు గుమ్మం దగ్గర కూర్చుని నీళ్ళవైపు చూస్తున్నాడు. వాడికి తెలియలేదా? తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అన్నీ బాగానే ఉన్నాయండీ బావగారూ" అన్నాడు. "నేను చూశాను. మీరు కాస్త పడుకోండి."

తిరుగు పడవలో ఆయన నోట ఒక్క సామెత రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని నేనే అనబోయి, ఆ చేతుల మీది గీతలు చూసి మింగేశాను.

వాడు రాకపోలేదు. తరవాత పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. పిలిస్తే వచ్చేవాడు. అరటిపళ్ళు లేకుండా గడప తొక్కేవాడు కాదు. వాలుకుర్చీ చూపించినా బల్ల మీదే కూర్చునేవాడు. మారు వడ్డించబోతే, "చాలక్కా, తృప్తిగా తిన్నాను" అని మర్యాదగా లేచేవాడు. ఇంత మంచి తమ్ముడు ఎవరికుంటాడని చూసినవాళ్ళు అనేవారు. వాడి మర్యాద చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఒకసారి వాడు వచ్చి వెళుతుంటే, మా పక్కింట్లో కొత్తగా దిగినావిడ వీధి మలుపుదాకా వాడిని చూసి అడిగింది. "ఎవరండీ ఆయన? మీ చుట్టాలా?"

నా తమ్ముడండీ, అనబోయాను. నోరు రాలేదు.

"అవునండీ" అన్నాను. "చుట్టాలే."