గూట్లో ఉప్పు జాడీ

ఈ ఉదయం భవానీపురంలో మా ఫ్లాటు తలుపు తీయగానే ఎదురింట్లోంచి ఆవపిండి ఘాటు వచ్చి ముక్కు పట్టుకుంది. దాని వెనకే గానుగ నూనె కమ్మదనం, అప్పుడే కొట్టిన మామిడికాయ వగరు. నోట్లో కృష్ణమ్మ పొంగింది. పొంగి లాభమేముంది, డాక్టరుగారు నా ఉప్పుకి ఎప్పుడో ఆనకట్ట కట్టేశారు. మా ఇంట్లో ఉప్పు మానేసిన ఆడవాళ్లలో నేను రెండోదాన్ని. మొదటావిడ మా నాయనమ్మ. ఆవిడ దేశం కోసం మానేసింది, నేను బీపీ కోసం.

బెజవాడ గవర్నర్‌పేటలో ముందు నాన్న బట్టల కొట్టు, వెనక మా కాపురం. పెడన నుంచి నేతగాళ్లయిన మా చుట్టాలు బందరు కాలవ మీద పడవలో తెచ్చే చీరల మూటలు గంజి వాసనతో నడవ నిండా ఉండేవి. వేసవి మధ్యాహ్నాలు పిల్లలం వాటిమీద బోర్లా పడుకుని గవ్వలాడితే చెమటకి రంగు దిగి, సాయంత్రానికి నేనే అమ్మకానికి పెట్టిన చీరలా తయారయ్యేదాన్ని. ఆవకాయల రోజులొస్తే వీధిలో ఆడవాళ్లంతా కలిపిన ముక్క ఒకటి గిన్నెలో వేసుకుని మా అరుగు మీదికి చేరేవాళ్లు. నాయనమ్మ కళ్లు మూసుకుని నాలిక్కి తగిలించుకుని, "ఇంకో గిద్దెడుప్పు పడాలమ్మాయ్, లేకపోతే శ్రావణానికి బూజే" అనేది. ఆ తీర్పుకి అప్పీలు లేదు.

దేవుడి గూట్లో సీతారాముల పక్కన బోసినవ్వు పెద్దాయన పటం, పటం ముందు చిన్న పింగాణీ జాడీ ఉండేవి. నేను పుట్టకముందు ఆయన సముద్రం ఒడ్డున వంగి గుప్పెడు ఉప్పు తీసి, తెల్లవాళ్ల ఉప్పు చట్టాన్ని చప్పగా చేసేశాడట. ఆ వంగడంతోనే దేశం నిటారుగా నిలబడిందనేవాడు మా బాబాయి. అప్పట్లో తనూ బందరు తీరానికి పోయి, ఉప్పునీళ్లు కాచి, పిడికెడు ఉప్పు కండువా కొంగున కట్టుకొచ్చాడు. అదే జాడీలోది. ప్రతి వానాకాలం ఆ ఉప్పు చెమ్మగిల్లి నీరు కారేది, అయినా దసరాకి చూస్తే జాడీ నిండుగానే ఉండేది. "సత్యమున్న ఉప్పే, తరగదు" అని నాయనమ్మ దణ్ణం పెట్టేది. పక్కనున్న అమ్మ ఎందుకో కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

తెల్లవాళ్లని వెళ్లిపొమ్మన్న ఏడు ఆ పెద్దాయన్ని బొంబాయిలో పట్టుకుపోయారు. ఆయన మాటనే మా కొట్టు ముందు బల్లెక్కి చెప్పినందుకు బాబాయిని రాజమండ్రి జైలుకి తీసుకుపోయారు. ఆ పూట నాయనమ్మ కంచం ముందు కూర్చుని, "ఆయన బయటికొచ్చేదాకా నా నోట ఉప్పు పడదు" అంది. ఆయన అనే అంది. ఆ మాట వెనక కొడుకున్నాడని ఇంట్లో గవ్వలాడే వయసు వాళ్లకీ తెలుసు.

చప్పిడి పప్పు, చప్పిడి చారు. జైల్లో ఆయన నిరాహారదీక్ష పట్టాడని తెలిసినన్నాళ్లూ ఆ చప్పిడి కూడూ సరిగా తినలేదు. మనిషి వడిలిపోయింది, లేస్తే కళ్లు తిరిగేవి. ఉప్పు తినకపోతే దక్కదని వైద్యుడుగారు నాన్నతో గుమ్మంలో గొంతు తగ్గించి చెప్పడం నేను విన్నాను. మరుసటి వేసవిలో ఆవకాయలకీ దిక్కు లేకుండా పోయింది. ఆ ఏడు వీధివీధంతా జాడీలకి బూజు పట్టింది.

"పిన్నిగారూ, నాలిక్కి తగిలించి ఉమ్మేయండీ, మొక్కేం పోదు" అని పక్కింటావిడ బతిమాలింది.

"ఉమ్మేసేదానికి మొక్కెందుకే తల్లీ?" అంది నాయనమ్మ. బెజవాడలో తెల్లదొరల మీద ఆడవాళ్ల కోపంలో సగం ఆవకాయ వల్లనేనని నా అనుమానం.

ఆ మరుసటేడు సరిగ్గా మామిడికాయలు కొడుతుండగా నాన్న కొట్లోంచి చెప్పులు కూడా వదలకుండా వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, వదిలేశారే! ఆయన్ని వదిలేశారు! రేడియోలో చెప్పారంట!" వీధిలో అరుపులు, చప్పట్లు. అమ్మ గబగబా ఉప్పేసి పెరుగన్నం కలిపింది. నాయనమ్మ చేతులు కడుక్కుంది, కంచం ముందు కూర్చుంది, ముద్ద ఎత్తింది, దింపేసింది.

"ఆయనొచ్చాడు సరే. ఆయన వెనకాల పోయినవాడేడిరా?"

నాన్న నిలువునా నీరుగారిపోయాడు. మళ్లీ చప్పిడి కూడే.

ఆషాఢం జల్లుల్లో ఒక పొద్దున, శిక్ష పూర్తయి, గడ్డంతో, బుగ్గలు లోపలికి పోయి బాబాయి గుమ్మంలో నిలబడ్డాడు. నాయనమ్మ ఏడవలేదు. కొడుకు భుజాలు తడిమి, "అమ్మాయ్, గూట్లో జాడీ పట్రా" అంది. ఆ ఉప్పే అన్నంలో కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. చాలాసేపు నమిలింది.

"ఇది బందరుది కాదే! దానికి అడుగున చేదుండేది. ఇది మన వంటింటుప్పు. ఎవరే పోసింది?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న దూలాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. నీరైపోతుంటే నాయనమ్మ బెంగపడుతుందని అమ్మ ఒక గుప్పెడు, అమ్మకి తెలియకుండా నాన్న ఒక గుప్పెడు, ఏటేటా పోస్తూనే ఉన్నారట. బాబాయి ఇల్లదిరేలా నవ్వాడు. నాయనమ్మ కూడా నవ్వేసి, "పోన్లే, పోసింది మనవాళ్లేగా. మొదటి పిడికెడు మాత్రం వాడిదే" అని రెండో ముద్ద కలుపుకుంది. మా ఇంటికి స్వాతంత్ర్యం ఆ రోజే వచ్చేసింది. దేశానికి మరో మూడేళ్లు పట్టింది.

ఆ పెద్దాయన ఒక్కడే స్వరాజ్యం తెచ్చాడంటారు కొందరు, ఆయన చేసిందేముందంటారు ఇంకొందరు. ఆ వాదనలు వింటున్నప్పుడల్లా నాకు ఆ జాడీ గుర్తొస్తుంది. అందులో ఇంటిల్లిపాదీ పోసిన ఉప్పే ఎక్కువ. కానీ మొదటి పిడికెడు లేకపోతే జాడీ ఎవరు పెట్టేవాళ్లు, ఎవరు నింపేవాళ్లు?

జాడీ లేదు, గూడు లేదు, కాలవలో పడవలు లేవు. రాళ్లుప్పు బండి కేక వినపడి ఎన్నాళ్లయిందో. ఇదంతా తలుచుకుంటుండగా ఎదురింటి అమ్మాయి గిన్నెలో ముక్క పట్టుకొచ్చింది.

"మామ్మగారూ, ఉప్పు సరిపోయిందో లేదో చూడరూ? ఎవర్నడగాలో తెలీట్లేదండీ."

డాక్టరుగారు గుర్తొచ్చారు. నేనేమీ మొక్కుకోలేదు కదా. కళ్లు మూసుకుని నాలిక్కి తగిలించుకున్నాను.

"ఇంకో గిద్దెడు పడాలమ్మాయ్."