శివారుకు నీళ్ళ కబురు పంపిన మాస్టారు

మంగళవారం పొద్దున టైపు మాస్టారు పోయారు.

ఇంకా నమ్మకం కుదరడం లేదు. సోమవారం సాయంత్రం ఆయనా నేనూ పక్కపక్కన కూర్చుని టీ తాగాం. మర్నాడు కాలువ లాకుల దగ్గర ఉండగా టీకొట్టాయన సైకిలు మీద వచ్చి, "మీ మాస్టారు చనిపోయారంటండీ" అన్నాడు. "ఏ మాస్టారు?" అన్నాను. పామర్రులో నాకున్నది ఒక్క మాస్టారే. అయినా అలా అడిగాను. తెల్లవారుతుండగా గుండెల్లో నొప్పన్నారట. కారులో బెజవాడ తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయిందట. ఆయన నాకంటే పన్నెండేళ్ళు చిన్న.

నాది ఊరి బడిలో ఐదో తరగతి చదువు. కాలువ మీద లస్కరుగా, అంటే తూములు తెరిచి మూసే పనిలో, ముప్పై ఏళ్ళు చేశాను. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. లాకుల దగ్గర ఒక నల్లబల్ల ఉండేది. ఏ కాలువకు ఎప్పుడు నీళ్ళు వదులుతారో రోజూ దాని మీద సుద్దతో రాసేవాణ్ణి. పాతది తుడిచి కొత్తది. రిటైరయ్యాక కూడా ఆ పని నన్నే చెయ్యమన్నారు. కాలువ చిట్టచివరి ఊళ్ళను మేం శివారు అంటాం. నీళ్ళకు కటకటగా ఉన్న ఏడాది శివారు రైతులు బస్సెక్కి వచ్చి, ఆ బల్ల చూసుకుని, మళ్ళీ బస్సెక్కి పోయేవాళ్ళు.

మాస్టారు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. కంప్యూటర్లు వచ్చాక ఓ మూల రెండు కంప్యూటర్లు పెట్టారు. ఇంటర్నెట్ మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. పెన్షను కాగితం టైపు చేయించుకుందామని వెళ్ళాను.

"లస్కరు గారూ, మీ బల్ల చూడ్డానికి అంత దూరం నుంచి వస్తారటగా జనం! శివారు వాళ్ళకు దగ్గర్లో, చల్లపల్లిలోనే కనబడేలా చేద్దామా?" అన్నారు.

"మైకు పెడతారా?"

ఆయన నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మైకు కాదండీ, వెబ్‌సైటు."

ఆయనకూ అది కొత్తే. ఎవరి దగ్గరో తెచ్చిన పుస్తకాన్ని జిరాక్సు తీయించి, దారంతో కుట్టుకుని, చదువుకుంటూ చేశారు. సైటుకు సొంత పేరు కొనలేదు. ఏదో కంపెనీ ఊరికే ఇచ్చే చోట్లో పెట్టారు. పైన ఎవరివో ప్రకటనలు వచ్చేవి. దాని అడ్రసు చాంతాడంత ఉండేది, చీటీ చూసి కొట్టాల్సిందే. "ఊరికే ఇచ్చిన చోటండీ. పాక వేసుకుందాం, మేడ వద్దు" అనేవారు. తెలుగులో కొడితే వేరే కంప్యూటర్లో పిచ్చి గీతలు కనబడేవి. అందుకని కాలువల పేర్లూ రోజూ వాడే మాటలూ తెలుగులో కొట్టి, వాటిని బొమ్మలుగా మార్చి పెట్టారు. అక్కడ నేర్చుకునే కుర్రాళ్ళు మెరిసే అక్షరాలు, గెంతే బొమ్మలు పెట్టమని ఒకటే గొడవ.

"డాన్సు చూడాలంటే కూచిపూడి పక్కనే ఉందిరా, బస్సెక్కండి. గట్టు మీద రైతుకు కావాల్సింది నీళ్ళ కబురు" అన్నారు.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నాచేతే చేయించేవారు. పేజీ రాసేటప్పుడు ఏ గుర్తు తెరిచినా చివర మూయాలట. నాకు అది పట్టుబడలేదు. "తూము తెరిచినవాడు మూయకపోతే ఏమవుతుంది?" అని అడిగారు. గట్టు తెగుతుందన్నాను. "ఇదీ అంతే." ఆ తర్వాత నేనెప్పుడూ మూయడం మరచిపోలేదు. రంజాను నెలలో తాను ఉపవాసం ఉండి నాకు టీ తెప్పించేవారు. వద్దంటే, "ఉపవాసం నాది, మీ వేలిది కాదు" అనేవారు. నేను ఒక్క వేలుతోనే కొడతాను మరి.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

బల్ల మీద రాసినట్టే పేజీలోనూ రాశాను, "శివారుకు రేపు నీళ్ళు" అని. బల్లయితే మర్నాడు తుడిచేస్తాను కదా. పేజీ కూడా అలాగే మార్చొచ్చు అనుకున్నాను. గాలివానకు ఫోను లైను పడిపోయింది. మూడు రోజులు నెట్ కలవలేదు. ఈలోగా పైన నీళ్ళు చాలక వంతులు మార్చారు. పేజీ మాత్రం "రేపు" అంటూనే ఉంది. మూడో రోజున శివారు రైతు ఒకాయన చల్లపల్లి నెట్ సెంటర్లో దాన్ని కాగితం మీద తీయించి, ఊళ్ళో సొసైటీ గోడకు అంటించాడు. అది చూసి తన ఆకుమడిలో ఆకంతా, అంటే నారంతా, పీకించి కట్టలు కట్టించాడు. నీళ్ళు రాలేదు. ఐదు రోజులు రాలేదు.

ఆయన వాడిపోయిన నారు కట్టతో బస్సు దిగి, తిన్నగా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి, టైపు మిషన్ల మీద పడేశాడు.

"ఏమయ్యా లస్కరూ, నీ రేపు ఎప్పుడొస్తుందో చెప్పు, అందాకా కూర్చుంటాను. ముప్పై ఏళ్ళు నీ మాట మీదే ఆకు తీశాం కదయ్యా! ఈ డబ్బా పక్కన చేరి నువ్వూ అబద్ధాలు నేర్చావా?"

ఆస్తులు లేవు నాకు. ఆ కాలువ పొడుగునా నా మాట నమ్ముతారన్నదొక్కటే ఉండేది. అది ఆ మిషన్ల మీద పసుపు పచ్చగా పడి ఉంది.

మాస్టారు లేచి నిలబడ్డారు. "తప్పు నాదండీ. బల్ల తుడిస్తే పోతుంది, ఇది పోదు అని ఆయనకు చెప్పాల్సింది నేను. చెప్పలేదు."

"నీదైతే నా నారు తెస్తావా?"

"తెస్తాను" అన్నారు.

జీవితంలో పొలంలో కాలు పెట్టని మనిషి. తన దగ్గర నేర్చుకునే పిల్లల ఇళ్ళకు వెళ్ళి, ఎవరి ఆకుమడిలో నారు మిగిలిందో కనుక్కున్నారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కట్టలు భుజాన మోసి బస్సు టాపు మీద వేయించారు. నేనూ మోశాను. శివారులో సొసైటీ ముందు నిలబడి మళ్ళీ అదే మాట చెప్పారు, "తప్పు నాది." మర్నాడు నీళ్ళొస్తే ఆ నారే పొలంలో ఊడ్చి నాటారు.

తిరుగు బస్సులో, "ఆపేద్దాం మాస్టారూ" అన్నాను.

"ఇప్పుడు ఆపితే మీది అబద్ధమనే మిగులుతుంది. తప్పిన చోటే రోజూ నిలబడాలండీ" అన్నారు.

ఆ మర్నాటి నుంచి పేజీలో రేపు, ఎల్లుండి లేవు. పైన తారీఖు, టైము, కాలువ పేరు. అన్నేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. అయినా ఆయన పక్కన లేకుండా నేను ఏనాడూ ఆ పేజీ ముట్టుకోలేదు. "మీకు వచ్చు లస్కరు గారూ, ఒక్కరే పెట్టండి" అనేవారు. "మీరుండగా నాకెందుకు?" అనేవాణ్ణి. మొన్న సోమవారం కూడా అదే మాట అన్నాను.

మంగళవారం సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే ఖబరస్తానుకు తీసుకెళ్ళారు. ఒక్కొక్కరూ మూడేసి దోసిళ్ళ మట్టి వేస్తున్నారు. నా వంతు వచ్చింది. రెండు వేశాను. మూడోది చేతుల్లోంచి జారలేదు. ఎవరో నా భుజం పట్టుకుని, "వెయ్యండి, ఇంకా జనం ఉన్నారు" అన్నారు. తిరిగి చూస్తే శివారు రైతు, నారు కట్ట విసిరిన ఆయనే. ఊడ్పుల్లోంచి వచ్చినట్టుంది, పిక్కల దాకా బురద ఆరిపోయి ఉంది. పొద్దున పేజీ మారకపోతే ఇన్‌స్టిట్యూట్‌కు ఫోను చేశాడట. అలా తెలిసిందట.

గేటు దగ్గర నా కోసం ఆగాడు.

"అడక్కూడని టైమే. మా పక్కవాళ్ళు ఆకు తీయాలంటున్నారు. నీళ్ళ సంగతి ఇంకెవరు పెడతారయ్యా లస్కరూ?"

"నేను."

"వచ్చా నీకు?"

"వచ్చు" అన్నాను.

మాస్టారి బావమరిది ఇన్‌స్టిట్యూట్ తాళం తీసి, లైటు వేసి, ఏమీ అడక్కుండా బయట అరుగు మీద కూర్చున్నాడు. నెట్ కలిసేసరికి చాలాసేపు పట్టింది. కుర్చీ కాస్త పక్కకు జరుపుకుని కూర్చున్నాను, రోజూ ఆయనకు చోటు వదిలినట్టే. తారీఖు కొట్టాను. టైము కొట్టాను. తెరిచినవన్నీ మూశానా అని రెండుసార్లు చూసుకున్నాను. పంపాను. తెర మీద పేజీ పైనుంచి కొంచెం కొంచెంగా దిగుతూ వచ్చింది, ఎండిన పంటబోదెలో మొదటి నీళ్ళు పాకినట్టు.

అప్పుడు చూశాను. ఖబరస్తానులో చేతులు కడుక్కోవడం మరచిపోయాను. కీబోర్డులో నేను నొక్కిన అంకెల మీద, ఆ నాలుగైదింటి మీదే, నల్లమట్టి అంటి ఉంది. తుడవడానికి కండువా తీశాను. చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.