ఎడమ పేజీలో పెన్సిల్ జవాబు

ల్యాబ్ రికార్డు అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఏడాది ఫైనలియర్ వాళ్లకు అడ్వాన్స్‌డ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ చెప్పమని నాకిచ్చారు. వేలమంది వాడే సాఫ్ట్‌వేర్‌ను పదిమంది కలిసి ఎలా తయారు చేయాలి, చేసినదాన్ని చెడిపోకుండా ఎలా మార్చాలి అన్నది ఆ కోర్సు. అది బుర్రకెక్కాలంటే ముందు చిన్న ప్రోగ్రామైనా సొంతంగా రాయడం రావాలి. వచ్చో లేదో చూద్దామని పది అంకెలిచ్చి, చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెట్టమన్నాను. రెండో ఏడాది ల్యాబులో చేసిన పనే.

సగం మంది ఒకే ప్రోగ్రాం టైపు చేశారు, మక్కీకి మక్కీ. తప్పు కూడా ఒక్కటే. రెండు గ్లాసుల్లోని పాలూ నీళ్లూ అటూ ఇటూ మార్చాలంటే మూడో గ్లాసు కావాలి కదా. అంకెలకైనా అంతే, ఒకదాన్ని ముందు పక్కన దాచాలి. ఆ దాచే లైనే ఎవరూ రాయలేదు. రన్ చేస్తే కొన్ని అంకెలు రెండేసిసార్లు వచ్చాయి, కొన్ని మాయమయ్యాయి. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇదే రానివాళ్లకు ఈ కోర్సెందుకు? వేరే సబ్జెక్టుకు మారిపోండి. ఫామ్ తెస్తే సంతకం పెడతాను" అని అరిచాను. మారడానికి ఆ రోజే ఆఖరు.

సాయంత్రం స్టాఫ్‌రూముకు ఒక్క అమ్మాయే వచ్చింది. బోయిగూడ నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్ల, ఒక్క క్లాసూ మానదు. ఫామ్ నా ముందు పెట్టింది.

"నాకు గీ కోర్సే కావాలె మేడమ్. రెండేండ్ల సంది దీనికోసమే చూస్తున్న. మీరు పొమ్మంటే పోతా."

"మరి రెండో ఏడాదిలో ఏం నేర్చుకున్నావు?"

"గిదే." సంచిలోంచి రికార్డు తీసింది. "సీనియర్ల రికార్డు చూసి రాసినం. దాంట్ల ఔట్‌పుట్ సుత ఉండె. గందుకే కరెక్టే అనుకున్న."

కుడి పేజీలో ప్రోగ్రాం, ఆ లైను లేకుండా. ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిల్‌తో ఔట్‌పుట్, ముత్యాల్లాంటి అక్షరాలతో పది అంకెలూ వరసగా. ఆ ప్రోగ్రాం ఏ కంప్యూటర్లోనూ ఆ జవాబు ఇవ్వదు. కింద ఎర్ర సిరాతో సంతకం. అది నాదే.

గుర్తొచ్చింది. అప్పుడా ల్యాబు నాదే. పరీక్షకు ముందురోజు అటెండరు రికార్డులన్నీ నా టేబుల్ మీద పేర్చాడు. అట్ట వేశారా, మార్జిన్ కొట్టారా, ఇండెక్స్ నింపారా, అంతే చూశాను. మా కాలేజీలో అందరం అంతే చూస్తాం. కంచే చేను మేసిందంటారు, ఆ కంచె నేనే. పొద్దున పిల్లల మీద అంత నోరు చేసుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆ పిల్ల ఎదురుగా లేకపోతే చాలనిపించి, ఫామ్ దగ్గరికి లాక్కుని ఎర్ర పెన్ను మూత తీశాను.

"గిది సుత చదవకుండనే పెడ్తరా మేడమ్?" అంది మెల్లగా.

చదివాను. కారణం అన్నచోట 'నాకు బేసిక్స్ రావు' అని తప్పంతా తన మీదే వేసుకుంది. ఫామ్ చించి బుట్టలో పడేశాను.

"రేపు ఎనిమిదింటికి ల్యాబుకు రా. రికార్డు మాత్రం తేకు" అన్నాను.