జాగా లేదన్న మాట

పక్కింటి అంకుల్ పోయారన్న మెసేజ్ మాకు ఎడారి దాటి, కొండల మధ్య ఇరుకు దారిలోకి ప్రవేశిస్తుండగా వచ్చింది. పిల్లల దగ్గర వెనక కూర్చున్న నా భార్య చదివి చెప్పింది. ఉదయం కాఫీ తాగి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. అంతలో సిగ్నల్ పోయింది. రెండు పక్కలా రాతి గోడలు, వెనక లారీలు. మేం అద్దెకు తెచ్చుకున్నది ఆర్వీ, వంటిల్లూ పడకలూ ఉన్న పెద్ద బండి. దాన్ని ఆపడానికీ చోటు లేదు, తిప్పడానికీ చోటు లేదు.

ఆ దారి ఆయన ఎంచిందే.

అంకుల్, అమెరికాలో ఫ్రీమాంట్‌లో మా పక్కింటి అక్క వాళ్ల నాన్న. శ్రీశైలం ఘాట్‌లో ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. ఇక్కడ కంటిచూపు పరీక్ష దగ్గరే ఆయన లైసెన్స్ ఆగిపోయింది. అక్క ఆఫీస్‌కి వెళ్లాక గరాజ్ తలుపు ఎత్తుకుని డ్రైవ్‌వే చివరిదాకా వచ్చి, అక్కడ గీత గీసినట్టు ఆగిపోయేవారు. "బస్సు లేని ఊళ్లో డ్రైవర్ని తెచ్చి పెట్టారయ్యా" అనేవారు. నేను ఆఫీస్‌కి బయల్దేరుతుంటే కారు వెనక రెండుసార్లు తట్టి "రైట్ రైట్" అనేవారు. "నాకు చెప్పడానికి కండక్టర్ ఉండేవాడు. నీకెవరున్నారు?"

జయాన్ పార్క్‌కి వెళ్తున్నామని చెప్పి, మంచుకొండల మీదుగా ఒక దారి చూపించాను. ఆయన దూరం అడగలేదు. "బండి ఎత్తెంత? బరువెంత? నీకు ఘాట్ అలవాటుందా?" అన్నారు. మూడూ తెలీదన్నాను.

"అయితే బేకర్స్‌ఫీల్డ్ మీంచి ఎడారిలో పో. ఎండకి ఇంజిన్ వేడెక్కితే బండి ఆపుకుంటావు. దిగుడులో బ్రేకులు వేడెక్కితే దేన్ని పట్టుకుని ఆపుతావు?"

వారం రోజులు కూర్చుని సేల్ కాగితం వెనక చార్టు రాశారు. టీకి పది నిమిషాలు, భోజనానికి అరగంట. అడుగున "ప్యాసింజర్లు ముగ్గురు, స్టాఫ్ ఇద్దరు" అని ఉంది. ముగ్గురంటే నా భార్య, పిల్లలిద్దరు. డ్రైవర్ని నేను. "మరి కండక్టర్ ఎవరంకుల్?" అని నవ్వుతూ అడిగాను.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "జాగా ఉందా?"

అప్పటికే అక్క నన్ను పక్కకి పిలిచి చెప్పింది. "నాన్నకి స్టెంట్ వేసి ఏడాది కాలేదు. ఎడారిలో ఏమన్నా అయితే హాస్పిటల్ ఎక్కడుందని? నేను వద్దంటే వినరు. సీట్లు లేవని నువ్వే చెప్పు తమ్ముడూ." ఆమె భయం నాకు అర్థమైంది.

"లేదంకుల్. నాలుగే సీట్లు" అన్నాను. బండికి ఆరు సీట్లున్నాయి.

"మా సర్వీసులో జాగా లేదని ఎవర్నీ దింపలా. సర్దుకోండి, సర్దుకోండి అనేవాళ్లం" అన్నారు. చివరికి "సరేలే, అమెరికా బండి కదా" అని నన్ను వదిలేశారు.

బయల్దేరే రోజు చార్టు ఇవ్వడానికి కిటికీ దగ్గరికి వచ్చారు. నా పక్క సీట్లో మా రైస్ కుక్కర్ ఉంది. బెల్టు లేకపోతే బండి ఊరుకోకుండా అరుస్తోందని దానికి బెల్టు కూడా పెట్టాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. నాలుగు తిట్టినా బాగుండేది. "ఎక్కిన గేర్‌లోనే దిగు నాయనా" అని చెప్పి, బండిని రెండుసార్లు తట్టి "రైట్ రైట్" అన్నారు. అది నిన్న పొద్దున.

కొండలు విడిపోయి సిగ్నల్ వచ్చాక బండి పక్కకి ఆపాను. అక్కకి ఫోన్ చేశాను. ఇద్దరం సీట్ల సంగతి ఎత్తలేదు. వెనక్కి వచ్చేస్తున్నామని మాత్రం చెప్పాను.

రైస్ కుక్కర్ తీసి వెనక పెట్టాను. ఖాళీ సీటుకి బెల్టు మళ్లీ పెట్టాను. ఇంజిన్ స్టార్ట్ చేసి, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను.

"పోదామా?" అంది నా భార్య.

బండి వెనక రెండుసార్లు తట్టిన చప్పుడు ఇంకా రాలేదు.