వానను తిట్టిన టీచరమ్మ

కళ్యాణదుర్గంలో బస్సు దిగేటప్పటికి అప్పలనరసమ్మ ఒక చేతిలో రేకు పెట్టె, ఇంకో చేతిలో నల్లగొడుగు పట్టుకుని ఉంది. 1961, జూన్ నెల. ఆమెను ఊరికి తీసుకుపోవడానికి బండి కట్టించుకుని వచ్చిన శివప్ప ఆ గొడుగువైపు ఒకసారి చూసి, పెట్టె అందుకున్నాడు. ఆ తాలూకాలో గొడుగు విప్పేవాళ్ళు చాలావరకు ఎండకే విప్పుతారు.

శివప్ప వేరుశెనగ వ్యాపారి. కళ్యాణదుర్గానికి కాస్త దూరంలో ఉన్న తన ఊళ్ళో గోడౌను ఖాళీ చేయించి ఆడపిల్లల కోసం బడి పెట్టాడు. ఆ ఎండలకు, ఆ నీళ్ళ కరువుకు టీచర్లెవరూ వచ్చేవాళ్ళు కాదు. మద్రాసులో ఉన్న స్నేహితుడొకాయన ఆయనకు ఒక మాట చేరవేశాడు. మలయాలో రబ్బరు తోటల్లో బతికే తెలుగువాళ్ళు తమలో చదువుకున్న ఒకరిని రెండేళ్ళపాటు ఇక్కడికి పంపుతారట. జీతం అక్కర్లేదు. తిండి పెట్టి, తల దాచుకోను చోటు చూపిస్తే చాలు. శివప్ప మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు.

అట్లా వచ్చింది అప్పలనరసమ్మ. ఇరవై నాలుగేళ్ళ మనిషి. ఆమె తాతలు విజయనగరం వైపు నుంచి కూలీలుగా ఓడెక్కి పోయినవాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడినా ఆమెకు ఈ దేశం పరదేశమే. అంతకుముందు ఎప్పుడూ ఇక్కడ కాలు పెట్టలేదు.

ఆమెకు అమీర్ బీ ఇంట్లో బస. అమీర్ బీ నలభై దాటిన మనిషి. భర్త పోయాక కుట్టుమిషను పెట్టుకుని బతుకుతూ, శివప్ప బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు, పెద్దపిల్లలకు కుట్టుపని నేర్పేది. మొదటిరోజు వేడివేడి సంగటి ముద్ద పళ్ళెంలో పెట్టి, "తింటావామ్మా? మీ దేశంలో ఉంటాదా ఇది?" అని అడిగింది.

"ఏటప్పా ఇది?" అంది అప్పలనరసమ్మ.

అమీర్ బీ గభాలున వెనక్కి తిరిగి చూసింది. ఈ వైపు అప్పా అని పిలిచేది మగవాళ్ళనే, వాకిట్లో మగవాళ్ళెవరూ లేరు. అప్ప అంటే విజయనగరం వైపు అక్క అని తెలుసుకునేసరికి సంగటి చల్లారిపోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరేమనుకున్నా అమీర్ బీ ఆ పిలుపును మార్చనివ్వలేదు.

బళ్ళోనూ అంతే. "గుంటలూ, ఇలా రండి" అని పిలిస్తే పిల్లలు కదలకుండా నేలవైపు చూశారు. ఆమె దృష్టిలో గుంటలంటే ఆడపిల్లలు. వాళ్ళ దృష్టిలో గుంటలంటే నేలలో తవ్వినవి. నాలుగో తరగతిలో అందరికన్నా చురుకైన కదిరమ్మ లేచి, "టీచరమ్మా, ఈడ గుంటలు యాడా లేవు" అని చెప్పింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆమెకూ నవ్వు ఆగలేదు.

మాటలు కొన్నాళ్ళకు సర్దుకున్నాయి. సర్దుకోనిది నీళ్ళ సంగతి. రోజుకు రెండుసార్లు తలమీదుగా స్నానం చేసి పెరిగిన మనిషికి ఇక్కడ చిన్న బిందెడు నీళ్ళతో అన్నీ కావాలి. తెల్లారకముందే అమీర్ బీ వెంట ఎండిపోయిన వాగులోకి పోయేది. ఇసుకలో తవ్విన చెలమ పక్కన కూర్చుని, నీళ్ళు ఊరేదాకా ఆగి, చిప్పతో తోడి బిందెలో పోసుకునేవాళ్ళు. మొదటివారం ఆమె చేతిలోని చిప్ప ఒరిగి సగం నీళ్ళు ఇసుకలోనే ఒలికిపోయాయి. వెనకున్న ఆడవాళ్ళు ఒలికిన ఆ తడి ఇసుకనే చూస్తూ నిలబడ్డారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం బళ్ళో ఎక్కాలు చెప్పిస్తుంటే ఉన్నట్టుండి చీకటి కమ్మింది. గాలి లేచింది. రేకులమీద టపటపమని చినుకులు పడ్డాయి. అప్పలనరసమ్మ చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైన మాట ఆలోచించకుండా అనేసింది.

"పాడువాన, వచ్చేసింది! పొట్టలు కొట్టడానికే వస్తాది!" అంటూ లేచి కిటికీ రెక్కలు వేసింది.

పిల్లల నోట ఎక్కం ఆగిపోయింది. కదిరమ్మ నోరు తెరుచుకుని ఆమెనే చూస్తోంది. తాను ఏమన్నదో అప్పలనరసమ్మకు అప్పటికీ తట్టలేదు. కాసేపటికి చినుకుల చప్పుడు కూడా ఆగిపోయింది. కిటికీ తీసి చూస్తే మబ్బు కొండల అవతలికి సాగిపోతోంది.

ఆ తర్వాత వాన లేదు. పూతకొచ్చిన వేరుశెనగ చేలు సెప్టెంబరుకు మాడిపోయాయి. ఆ మాట పిల్లల నోటినుంచి ఇళ్ళకు, ఇళ్ళలోంచి చేలకు పాకింది. కదిరమ్మ తల్లి తిప్పమ్మ కూలికి పోతూ, రెండెకరాల మెట్టచేను సాగు చేసుకునే మనిషి. చెలమ దగ్గర అందరూ వినేట్టు అనేసింది: "వచ్చిన వానమోడాన్ని నోటితో తరిమినాది. అట్లాంటామె చేత నా బిడ్డకు చదువొద్దు." మర్నాడు కదిరమ్మ బడికి రాలేదు. ఆ పిల్లను చూసి ఇంకో ఐదారుగురు మానేశారు.

శివప్ప ఈ సంగతి దాచలేదు. "వాళ్ళమీద కోపం పెట్టుకోవద్దమ్మా. దసరా సెలవులొచ్చినాయి. అట్లా యాడికన్నా పోయి రా" అన్నాడు. అమీర్ బీ తన చెల్లెలు నూర్జాన్ ఇంటికి, శింగనమలకు ప్రయాణం కట్టించి, తానూ తోడు బయలుదేరింది.

బస్సు అనంతపురం దాటాక అమీర్ బీ అడిగింది. "ఒక మాట. దాచకుండా చెప్పు. వాన నీకేం చేసినాది?"

అప్పలనరసమ్మ చెప్పింది. రబ్బరు చెట్టు బెరడును తెల్లవారుజామున గీస్తారు. పాలు బొట్టుబొట్టుగా కారి చిన్న గిన్నెలో పడతాయి. వాన పడిందంటే గిన్నెలోకి నీళ్ళు చేరి పాలన్నీ పాడవుతాయి. ఆరోజు పని లేదు, కూలి లేదు. అక్కడ వాన అడపాదడపా వచ్చేది కాదు, పట్టిందంటే రోజుల తరబడి వదిలేది కాదు. ముసురు పట్టిన నెలల్లో ఇంట్లో కర్రపెండలం ఉడకబెట్టుకుని తినేవాళ్ళు. ఆమె నాయనమ్మ గడపలో నిలబడి ఆకాశాన్ని నోటికొచ్చినట్టు తిట్టేది. టీచరు చదువుకు పోకముందు అప్పలనరసమ్మ కూడా తల్లివెంట చెట్లు గీసింది.

"యా అల్లా" అంది అమీర్ బీ. "ఈ మాట ఊళ్ళో చెప్పకుంటే ఎట్లా?"

"ఎవులూ అడగలేదప్పా."

"నువ్వు అడిగినావా వాళ్ళని?"

అప్పలనరసమ్మ కిటికీవైపు తిరిగింది.

శింగనమల చెరువు ఆ ఏడు సగం కూడా నిండలేదు. అయినా అన్ని నీళ్ళు ఒకచోట చూసి అప్పలనరసమ్మ గట్టుమీదే నిలబడిపోయింది. నూర్జాన్‌తో కలిసి బట్టలు తీసుకుని దిగి, మొలలోతు నీళ్ళలో తల తడిసేదాకా మునిగింది. ఈ దేశం వచ్చాక అదే మొదటిసారి. కాని ఆ హాయి ఎక్కువసేపు నిలవలేదు. బట్టలు ఉతుకుతూ నూర్జాన్ చెబుతోంది: "ఈ ఏడు మడికి నీళ్ళు విడవరంట. మా ఇంటాయన బెంగళూరికి పోతాండాడు. నాట్లు లేకుంటే ఈడ ఎవరికి ఏం పనుంటాది?"

నీళ్ళు కళ్ళెదుటే ఉన్నాయి, అయినా నూర్జాన్ వాళ్ళకు భయం పోలేదు. వచ్చిన నాటి నుంచి అప్పలనరసమ్మ ఇక్కడివాళ్ళను చూసి జాలిపడుతూ వచ్చింది. నీళ్ళు లేవని, తిండి చాలదని, నేల ఎర్రగా బోడిగా ఉందని. వాళ్ళు ఆకాశంవైపు చూస్తే ఏం లెక్క వేసుకుంటారో మాత్రం ఒక్కరినీ అడగలేదు. నాయనమ్మ గడపలో నిలబడి చూసినట్టే కదా వీళ్ళూ చూసేది అని ఆ నీళ్ళలో నిలబడి అనుకుంది.

సెలవులు ముగియకముందే తిరిగొచ్చి, నేరుగా తిప్పమ్మ చేనికి పోయింది. కాయ పట్టని చెట్లను పశువుల మేతకైనా పనికొస్తాయని తిప్పమ్మ పీకుతోంది. పక్కనే కదిరమ్మ.

"ఏమ్మా, బిడ్డను అడిగేదానికొచ్చినావా? నేను పంపేది లేదు" అంది తిప్పమ్మ తల ఎత్తకుండానే.

అప్పలనరసమ్మ చీరచెంగు దోపుకుని పక్క సాలులో వంగింది. చెట్టు మొదలు పట్టుకుని లాగడం చూస్తే పనిచేసిన చేతులని తిప్పమ్మకు అర్థమైంది. సాలు చివరికి పోయాక అప్పలనరసమ్మే మొదలుపెట్టింది. బస్సులో అమీర్ బీకి చెప్పిందంతా మళ్ళీ చెప్పింది.

తిప్పమ్మ నడుము నిలబెట్టుకుని విన్నది. "వాన పడితే కూలి పోతాదా? అట్లాంటి దేశం కూడా ఉంటాదా?"

"ఉన్నాది."

"మీ అవ్వ తిడితే ఆడ వాన నిలిచిపోతాండెనా?"

"ఎక్కడ నిలుస్తాది! ఇంకా గట్టిగా పడేది."

తిప్పమ్మకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది గాని కుదరలేదు. "అయితే ఈడ కూడా గట్టిగా పడాల్సిండె కదమ్మా!" అంది. తర్వాత ముఖం మామూలుగా చేసుకుని, "పుట్టినప్పటి నుంచి రమ్మని పిలుస్తాండా. నా నోటికి పలకని వాన నీ నోటికి పలుకుతాదా? కడుపు మండి అన్న మాట అది. మనసులో పెట్టుకోవాకు" అంది.

చేను పని తీరాక కదిరమ్మ బడికొచ్చింది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వచ్చారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు మాత్రం రాలేదు. వాళ్ళ నాయన కుటుంబాన్ని తీసుకుని బళ్ళారి వైపు కూలికి పోయాడు. వాళ్ళు బడి మానింది తన మాటవల్లనా, కరువువల్లనా అన్నది అప్పలనరసమ్మకు ఎప్పటికీ తేలలేదు. హాజరు పిలిచేటప్పుడు ఆ రెండు పేర్లనూ చాలాకాలం ఆమె పిలుస్తూనే ఉంది.

మరుసటి వేసవి సెలవుల్లో ఆమె తన తాతల ఊరు చూడాలని బయలుదేరింది. అమీర్ బీ జొన్నరొట్టెలు, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి మూటగట్టి ఇచ్చింది. రెండు రైళ్ళు మారి, విజయనగరంలో దిగి, నాయనమ్మ చెప్పిన పల్లె వెతుక్కుంటూ పోయింది. ఊరు దొరికింది. వీధిలో ఎవరో "ఓలె గుంటా!" అని కూతుర్ని కేకేశారు. ఆ పిలుపు వినగానే ఆమెకు కళ్ళు చెమర్చాయి.

మనుషులు మాత్రం దొరకలేదు. అరుగుమీది ముసలాయన ఇంటిపేరు విని తల అడ్డంగా ఊపాడు. "ఆ ఇంటిపేరోలు ఇప్పుడెవులూ లేరమ్మా" అన్నాడు. ఒక ఇల్లాలు జాలిపడి ఇంట్లోకి పిలిచి అంబలి పోసింది. ఆ ఇంట్లోవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి కడవెడు నీళ్ళు గుమ్మరిస్తుంటే అప్పలనరసమ్మ చెయ్యి ఆపబోతున్నట్టు దానంతటదే ముందుకు పోయింది. వెంటనే వెనక్కి తీసుకుంది.

"చెయ్యి కడుక్కోవాల. నీళ్ళు యాడుండాయి?" అని అడిగింది.

ఆ యాస విని ఇల్లాలు వింతగా చూసింది. "మీది కడప దేసమా ఏటమ్మా?"

అప్పలనరసమ్మ అవునని తల ఊపింది. ఆ రాత్రి ఆ ఇంటి అరుగుమీదే పడుకుని, మర్నాడే రైలెక్కింది.

"దొరికినారా మీవాళ్ళు?" అని అమీర్ బీ గుమ్మంలోనే అడిగింది.

"లేరప్పా."

"పోనీలే. కాళ్ళు తడుపుకో, తిందువు గాని."

రెండేళ్ళ గడువు తీరింది. ఇంకో టీచరు దొరకలేదని శివప్ప నోరు తెరిచి అడగలేక నసుగుతుంటే, ఆమే ఇంకో ఏడాది ఉంటానంది. ఆ ఏడాది పోయాక ఇంకో ఏడాది. మలయాలో తండ్రికి కోపం వచ్చింది. సంబంధం చూసి పెట్టిన తల్లి ఏడ్చింది. నాయనమ్మ పోయిన కబురు దహనమైన ఎన్నో వారాలకు గాని అందలేదు. ఆరోజు ఆమె బడికి పోకుండా ఇంట్లోనే కూర్చుంటే, తిప్పమ్మ వచ్చి గోడకానుకుని పొద్దుగూకేదాకా పక్కన కూర్చుంది. ఇక్కడ ఉండిపోవడం సుఖంగా జరిగిందని ఆమె ఎవరితోనూ చెప్పలేదు.

1967 నాటికి బడి ఎనిమిదో తరగతి దాకా వచ్చింది. దసరా సెలవుల్లో పెద్దపిల్లలకు పెనుకొండ చూపించాలని అనుకున్నారు. అక్కడ చదువు ముగించి టీచరు శిక్షణకు పోబోతున్న కదిరమ్మ పిల్లలకు తోడుగా బయలుదేరింది. కూతుర్ని ఒంటరిగా పంపనని తిప్పమ్మ కూడా బస్సెక్కింది. పెనుకొండ దాకా ఆమె ముందుసీటు కమ్మీ వదల్లేదు.

కొండ ఎక్కేదారిలో సీతాఫలాలు విరగగాశాయి. పిల్లలు ఎక్కడం మానేసి పళ్ళమీద పడ్డారు. అమీర్ బీ మోకాళ్ళ నొప్పితో సగంలోనే బండమీద చతికిలబడింది. తిప్పమ్మ మాత్రం కోటగోడ దాకా ఎక్కి, నడుంమీద చేతులు పెట్టుకుని నలువైపులా చూసింది.

"మీ దేశం యా పక్క?" అని అడిగింది.

అప్పలనరసమ్మ తూర్పుకు చెయ్యి చూపించింది. "శానా దూరం. సముద్రం దాటాల."

తిప్పమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూసింది. "పోవాలని ఉండాదా?"

"ఉంటాది. అప్పుడప్పుడు."

"ఉండల్ల మరి" అంది తిప్పమ్మ. కొంగులో కట్టుకొచ్చిన సీతాఫలం విప్పి, రెండుగా చీల్చి, సగం ఆమె చేతిలో పెట్టింది.

కింద కదిరమ్మ పిల్లల్ని కేకేసి పిలుస్తోంది. సాయంత్రం బస్సుకు వేళవుతోంది. ఇద్దరూ గింజలు ఉమ్ముకుంటూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, జారే రాళ్ళమీద జాగ్రత్తగా దిగారు.